పాలీనార్బోర్నీన్‌లో సిస్ శాతం సగం దగ్గరే ఆగుతున్నది: క్యాటలిస్ట్ మార్చాల్నా, పద్ధతి మార్చాల్నా?

నల్లగొండ_ష్లెంక్

అందరికీ నమస్తే. నార్బోర్నీన్ మీద రోంప్, అంటే రింగ్ ఓపెనింగ్ మెటాథిసిస్ పాలిమరైజేషన్, నడుస్తున్నది. కావాల్సింది సిస్ డబుల్ బాండ్లు (గొలుసు బాండ్‌కు ఒకే దిక్కు సాగేవి; ఎదురెదురు దిక్కులైతే ట్రాన్స్) 90 శాతం దాటిన పాలిమర్. వస్తున్నదేమో సగం సిస్, సగం ట్రాన్స్.

తీరు ఇది: నార్బోర్నీన్ 471 మి.గ్రా. (5 మిల్లీమోల్), గ్రబ్స్ రెండో తరం క్యాటలిస్ట్ 21 మి.గ్రా. (0.025 మిల్లీమోల్), అంటే నిష్పత్తి 200:1. డైక్లోరోమీథేన్ 20 మి.లీ., ఆర్గాన్ కింద, రాత్రంతా స్టిర్రింగ్. పొద్దున మిథనాల్‌లో పోస్తే తెల్లగ దారాల్లెక్క దిగుతున్నది. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో 5.34, 5.20 పీపీఎం దగ్గర రెండు పీకులు దాదాపు సమానం. ఐస్‌లో పెట్టి చేసినా పెద్ద తేడా లేదు.

ఇంకో రెండు సమస్యలు. ఇదే పద్ధతిల సైక్లోఆక్టీన్ చేస్తే ఆలిఫిన్ (డబుల్ బాండ్) పీకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి శాతం తీయరావట్లేదు. దాని టాక్టిసిటీ, అంటే గొలుసుల యూనిట్లు ఏ దిక్కు మొగం పెట్టి వరుసగ ఉన్నయో, అది గూడ చెప్పమంటున్నరు. రెండోది, నార్బోర్నీన్ పాలిమర్ మొదట్ల క్లోరోఫాంలో మంచిగ కరిగింది, రెండు వారాలైనంక అదే సీసాలది జెల్లీ లెక్క ఉబ్బుతున్నది గానీ కరుగట్లేదు.

గ్లోవ్ బాక్స్ లేదు. డబుల్ మానిఫోల్డ్ లైన్, ఆర్గాన్ సిలిండర్, వాక్యూమ్ పంపు ఉన్నయి. ఎన్ఎంఆర్‌కు శాంపిల్ హైదరాబాద్ పంపాలె. ఎఫ్‌టీఐఆర్ ఇక్కడనే ఉన్నది.

పాలమూరు_కార్బీన్

తమ్ముడూ, క్యాటలిస్టే మార్చాలె. రెండో తరం గ్రబ్స్‌కు సిస్, ట్రాన్స్ అన్న పట్టింపు నార్బోర్నీన్ దగ్గర దాదాపు లేదు. చలికి పెట్టినా, సాల్వెంట్ మార్చినా అది అక్కడక్కడనే తిరుగుతది. మొదటి తరం గ్రబ్స్ వాడితే ట్రాన్స్ 80 శాతం దాటుతది, అది నీకు ఇంకా ఉల్టా.

ఎందుకంటే, లోహపు కార్బీన్ మీదికి ఆలిఫిన్ వచ్చినప్పుడు మధ్యల నాలుగు మూలల మెటలాసైక్లోబ్యుటేన్ వలయం ఏర్పడుతది. ఆ వలయం మీద పెరుగుతున్న గొలుసు ఒక కొస, కొత్తగ విడిపోబోతున్న మోనోమర్ ఇంకో కొస. రెండూ ఒకే దిక్కు ఉంటే సిస్, ఎదురెదురు దిక్కుల ఉంటే ట్రాన్స్. సిస్సే కావాలంటే వలయానికి ఒక దిక్కు గోడ కట్టాలె, రెండు కొసలకూ ఇంకో దిక్కే దారి మిగలాలె. సిస్ ఇచ్చే క్యాటలిస్టులన్నీ చేసే పని ఇదే. గోడ ఎట్ల కట్టిన్రన్న దగ్గరనే తేడా.

మోలిబ్డినం, టంగ్‌స్టన్‌లలో మ్యాప్ రకం ఉన్నయి, మోనోఆరైలాక్సైడ్ పిరోలైడ్‌లు. మీద చిన్న ఇమిడో లైగాండ్ (లోహానికి అతుక్కునే గుంపు), కింద పెద్ద టెర్ఫినాక్సైడ్. కింద జాగ లేక కొసలు రెండూ ఇమిడో దిక్కు తిరుగుతయి. ష్రాక్, హొవేడా బృందాలు 2009లో వీటితోని సిస్ ఒక్కటే కాదు, సిండియోటాక్టిక్ గూడ సాధించిన్రు. ప్రతి మోనోమర్ ఎక్కినప్పుడల్లా లోహం చుట్టూ అమరిక ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు మారుతది, అందుకని యూనిట్లు ఒకటి విడిచి ఒకటి మొగం తిప్పుకుంటయి. అంతకు ముందటి బైఫినోలేట్ మోలిబ్డినం క్యాటలిస్టులలో లోహం అమరిక మారదు, కాబట్టి వాటితోని సిస్, ఐసోటాక్టిక్ (యూనిట్లన్నీ ఒకే దిక్కు మొగం) వస్తది.

లైగాండ్ ఒక్కటి మారితే కథ ఎంత మారుతదో చూడాలంటే పాత ఉదాహరణ ఒకటున్నది. 2,3-బిస్(ట్రైఫ్లోరోమిథైల్)నార్బోర్నాడైన్ మీద మోలిబ్డినం ఇమిడో ఆల్కైలిడీన్‌కు టెర్షియరీ బ్యుటాక్సైడ్ లైగాండ్లు పెడితే పాలిమర్ దాదాపు మొత్తం ట్రాన్స్. అదే ఫ్లోరిన్లున్న హెక్సాఫ్లోరో టెర్షియరీ బ్యుటాక్సైడ్ పెడితే దాదాపు మొత్తం సిస్. ఆల్కైలిడీన్‌కు సిన్, యాంటీ అని రెండు భంగిమలుంటయి. బ్యుటాక్సైడ్‌తో అవి తొందరగ మారుతయి, చురుకైన యాంటీ పని చేసి ట్రాన్స్ ఇస్తది. ఫ్లోరిన్లుంటే ఆ మార్పిడి చాలా నిదానం, సిన్‌గానే ఉండి సిస్ ఇస్తది.

కానీ మోలిబ్డినం, టంగ్‌స్టన్ నీకు చెప్పను. తేమ, గాలి రవ్వంత తగిలినా పోతయి. పారాఫిన్ మైనం బిళ్లల రూపంలో కొన్ని దొరుకుతయి, గాలిలో పట్టుకోవచ్చు. కానీ ఆ మైనం మిథనాల్‌లో కరగదు, పాలిమర్‌తో పాటే దిగుతది. ఎన్ఎంఆర్‌లో 1.25 దగ్గర కనపడుతది. ఆలిఫిన్ లెక్కకు అడ్డు రాదు గానీ యీల్డ్ లెక్క తప్పుతది.

నీకు సరిపోయేది సైక్లోమెటలేటెడ్ రుథీనియం. ఎన్-హెటెరోసైక్లిక్ కార్బీన్ మీది అడమాంటైల్ కార్బన్ నేరుగ రుథీనియంకు అతుక్కుని ఉంటది, క్లోరైడ్ల జాగల నైట్రేట్ ఉంటది. ఇంకో నైట్రోజన్ మీది ఆరైల్ గుంపు వలయం మీద చూరు లెక్క వంగి ఉంటది, కొసలు రెండూ దాని కిందికే పోవాలె. ఎండో, గ్రబ్స్ 2011లో ఈ తరహాను చూపిన్రు, 2012లో కైట్జ్ వాళ్లు రోంప్‌కు వాడిన్రు. మెసిటైల్ ఉన్నదానితో నార్బోర్నీన్‌కు సిస్ బాగనే వస్తది, మోనోమర్ మారితే శాతం కిందికి పోవుడు గూడ ఉన్నది. ఆ ఆరైల్ గుంపును డైఐసోప్రొపైల్‌ఫినైల్‌గ పెంచితే సిస్ 95 దాటి, సిండియోటాక్టిక్ గూడ 95 దాటిందని 2013లో వచ్చింది. కొనేటప్పుడు ఆరైల్ ఏదో అడిగి కొను, రెండింటి పేర్లూ జెడ్-సెలెక్టివ్ (జెడ్ అంటే సిస్సే) అనే ఉంటయి.

కొలతలు: నార్బోర్నీన్ 471 మి.గ్రా. 15 మి.లీ. టీహెచ్ఎఫ్‌లో. క్యాటలిస్ట్ 0.05 మిల్లీమోల్, అంటే 100:1, ఇంకో 5 మి.లీ. టీహెచ్ఎఫ్‌లో. క్యాటలిస్ట్ పొడిగ ఉన్నంత సేపు తూచే రెండు మూడు నిమిషాలు ఓర్చుకుంటది. ద్రావణంలకు పోయినంక గాలి తగలనీయొద్దు. మోనోమర్ జోరుగ తిరుగుతుంటే క్యాటలిస్ట్ ద్రావణాన్ని ఒకటే సారి పొయ్యాలె, చుక్కలు చుక్కలుగ కాదు. కొద్దిసేపట్ల చిక్కబడుతది, స్టిర్ బార్ తడబడుతది. చల్లగ చేస్తే సిస్ ఇంకొంచెం పెరుగుతది గానీ టైం గూడ పెరుగుతది.

15, 30, 60 నిమిషాలకు అర మి.లీ. చొప్పున తీసి, రియాక్షన్ ఆపే ఇథైల్ వినైల్ ఈథర్ రెండు చుక్కలు ఉన్న చిన్న సీసాలల్ల వెయ్యి. 5.98 దగ్గరి మోనోమర్ పీకు ఎప్పుడు పోయిందో అవే చెప్తయి. అది పోయినంక ఒక్క గంట గూడ ఉంచొద్దు. నీ పద్ధతిల ఇంకో తప్పు రాత్రంతా ఉంచుడు. నార్బోర్నీన్ వలయంలో బిగువు మోల్‌కు 27 కిలోక్యాలరీల దాక ఉంటది, అందుకని అది నిమిషాలల్ల అయిపోతది. మిగిలిన టైమంత క్యాటలిస్ట్ ఊరికె ఉండదు, పాలిమర్ గొలుసులనే కోసి మళ్ల అతుకుతది. క్యాటలిస్ట్ ఇచ్చిన సిస్ ఆ కోతల్ల పోతది, అణుభారం గూడ చెదురుతది.

ఒకటి గుర్తుంచుకో: ఈ రుథీనియం మొదలు పెట్టుడు నిదానం, మొదలైనంక వేగం. అందుకని జీపీసీలో అణుభారం లెక్క కంటే చాలా ఎక్కువ వస్తది. అది తప్పు కాదు.

కృష్ణ_ఒడ్డు

క్యాటలిస్ట్ సంగతి అన్న చెప్పిండు. నేను ఎండల సంగతి చెప్త, మన దిక్కు ఏప్రిల్, మేలల్ల ఈ పని ఎక్కువ చెడేది అక్కడనే.

డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకు మరుగుతది. మధ్యాహ్నం ల్యాబ్‌ల 41, 42 ఉంటే అది సీసాలనే మరుగుతున్నట్టు. సిరంజిలకు గుంజితే సగం ఆవిరి, సగం ద్రవం, 20 మి.లీ. అనుకున్నది 16 గూడ ఉండదు. ఆర్గాన్ బబ్లింగ్ చేస్తే సాల్వెంటే ఎగిరిపోయి గాఢత మారుతది. టీహెచ్ఎఫ్ 66, టోలుయిన్ 110, ఎండాకాలం ఈ రెండింటినే నమ్మాలె. టీహెచ్ఎఫ్‌కు పెరాక్సైడ్ స్ట్రిప్ పెట్టి చూడకుంట డిస్టిల్ చెయ్యొద్దు.

ఇథైల్ వినైల్ ఈథర్ ఇంకా మోసం, 35 దగ్గరనే మరుగుతది. సీసా మూత తియ్యంగనే బుస్సుమంటది. ముందుగాల అర గంట ఐస్‌లో పెట్టి, సిరంజి గూడ ఫ్రిజ్‌ల చల్లార్చి గుంజు. 0.05 మిల్లీమోల్ క్యాటలిస్ట్‌కు 0.4 మి.లీ. పోస్తే దాదాపు 80 రెట్లు అయితది, కొంచెం ఎగిరినా సరిపోతది. పోసినంక అర గంట కలపాలె. "ఆపిన" అనుకుని ఆపనిది చానమంది ఇక్కడనే, సూదిల నుంచి ఆవిరి తప్ప ఏం పడదు.

నార్బోర్నీన్ కర్పూరం తీరుది. నిజంగనే రెండింటిదీ ఒకటే బైసైక్లో అస్థిపంజరం. కరిగేది 45 దగ్గర, కానీ అంతకు ముందే గాలిల కలుస్తది. సీసా మూత లోపల తెల్లటి పొర కనపడుతదే, అది నీ మోనోమరే. బ్యాలెన్స్ మీద తెరిచిన పేపర్‌ల తూస్తుంటే అంకె కండ్ల ముందే దిగుతది. మూత ఉన్న సీసాను ఖాళీగ తూచి, నార్బోర్నీన్ వేసి మూత పెట్టి మళ్ల తూచి, అందులనే సాల్వెంట్ పొయ్యి. డిస్టిల్ చేస్తే 96 దగ్గర వస్తది, కండెన్సర్‌ల ఐస్ నీళ్లు తిప్పితే లోపలనే గడ్డ కట్టి దారి మూసుకుంటది, ఒత్తిడి పెరిగి జాయింట్ ఎగురుతది. 50 డిగ్రీల నీళ్లు తిప్పాలె. ఎండాకాలం ట్యాంకు నీళ్లు దానికి దగ్గర్లనే ఉంటయి.

మిగతా సాల్వెంట్లకు మాత్రం ఆ ట్యాంకు నీళ్లు పనికిరావు. పైగ మన బోరు నీళ్లకు కండెన్సర్ లోపల రెండు నెలలల్ల సున్నం పొర పడుతది, చల్లదనం గాజు దాటదు. టబ్బుల ఐస్ వేసి కూలర్ మోటర్‌తోని అవే నీళ్లు తిప్పు, నెలకోసారి పలుచని అసిటిక్ యాసిడ్‌తో కడుగు. మోటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టు. కరెంటు పోతే మాంటిల్ గూడ ఆగుతది గదా అనుకోవద్దు, దాంట్ల వేడి పది నిమిషాలు నిలుస్తది, కింద సోడియం ఉన్న టీహెచ్ఎఫ్ అప్పటిదాక మరుగుతనే ఉంటది. వీలైతే సోడియం జోలికే పోవద్దు. మఫిల్ ఫర్నేస్‌ల 300 డిగ్రీలకు రాత్రంత కాల్చి, వాక్యూమ్ డెసికేటర్‌ల చల్లార్చిన 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్స్, 100 మి.లీ.కి 20 గ్రాములు, రెండు రోజులు ఉంచితే చాలు.

పోలేపల్లి, చౌటుప్పల్ దిక్కు రికవరీ టోలుయిన్ చవకగ దొరుకుతది. గ్లాసు కడుగుడుకు మంచిది, దీనికి వద్దు. ఫార్మా రియాక్షన్ల నుంచి వచ్చినదాంట్ల ఎసిటోనైట్రైల్, పిరిడీన్, అమీన్‌లు జర జర మిగిలి ఉండొచ్చు. అవి లోహానికి అతుక్కుంటయి, సీవ్స్‌తో పోవు. క్యాటలిస్ట్ రంగు పోయంగనే మారి పాలిమర్ రాకుంటే మొదటి అనుమానం అక్కడ పెట్టు.

ఇంక నీ కరగని పాలిమర్. ప్రతి యూనిట్‌కు ఒక డబుల్ బాండ్, దాని పక్కన అల్లైలిక్ హైడ్రోజన్లు. గాలిల ఆక్సిజన్ వాటిని పట్టి గొలుసులను ఒకదానికొకటి కుట్టేస్తది. వేడి, వెలుతురు ఉంటే ఇంకా తొందర. మిథనాల్ 250 మి.లీ.ల 0.2 గ్రాముల బీహెచ్‌టీ కలిపి అందుల పాలిమర్ దించు. ఓవెన్‌ల కాదు, గది వేడిల వాక్యూమ్ కింద ఆరబెట్టు. ఆర్గాన్ నింపి, గోధుమరంగు సీసాల, ఫ్రిజ్‌ల పెట్టు. దీని గ్లాస్ ట్రాన్సిషన్ (గట్టి పాలిమర్ మెత్తబడే వేడి) 35 చుట్టుపక్కల, బయట పెడితే మే నెలల పొడి ముద్దయి సీసా అడుక్కు అంటుకుంటది. పాడైందని పారెయ్యకు, అది మెత్తబడుడే.

నల్లగొండ_ష్లెంక్

ఇద్దరికీ కృతజ్ఞతలు అన్నా. లిక్విడ్ నైట్రోజన్ ఎప్పుడూ ఉండదు. ఫ్రీజ్-పంప్-థా (గడ్డ కట్టించి, వాక్యూమ్ గుంజి, కరిగించి గాలి తీసుడు) లేకుంట ఆర్గాన్ బబ్లింగ్ సరిపోతదా? ఎన్ఎంఆర్ లెక్క, సైక్లోఆక్టీన్ సంగతి ఎవరైనా చెప్పగలరా?

కృష్ణ_ఒడ్డు

టీహెచ్ఎఫ్‌కైతే సరిపోతది. ఫ్లాస్క్‌ను ఐస్‌లో పెట్టి, పొడుగు సూది అడుగు దాక దించి, సన్నటి బుడగలతో 20 మి.లీ.కి 40 నిమిషాలు. ఇంకో సూది బయటికి పోవుడుకు. నార్బోర్నీన్ వేసినంక బబ్లింగ్ చెయ్యొద్దు, అది గూడ ఆవిరితో పోతది. ముందు సాల్వెంట్, తర్వాత మోనోమర్.

స్పెక్ట్రం_మేడం

లెక్క దగ్గరికి వద్దాం. ఆలిఫిన్ పీకులు 5.34 ట్రాన్స్, 5.20 సిస్ అన్నది సరే, కానీ 300 మెగాహెర్ట్జ్ యంత్రంలో వాటి అడుగులు కలుస్తాయి. అల్లైలిక్ హైడ్రోజన్లు తీసుకోండి: సిస్ పక్కనివి 2.79, ట్రాన్స్ పక్కనివి 2.43, మధ్యలో ఖాళీ స్పష్టంగా ఉంటుంది. 2.79 విస్తీర్ణం 1.00, 2.43 విస్తీర్ణం 1.17 అనుకుంటే సిస్ శాతం 1.00ని 2.17తో భాగించగా 46. రిలాక్సేషన్ డిలే (ఒక్కో స్కాన్ మధ్య ఆగే సమయం) 10 సెకన్లు అడగండి. శాంపిల్ పంపేటప్పుడు చీటీ మీద ఇది రాయకపోతే మామూలుగా ఒక సెకనుతో తీసేస్తారు.

కార్బన్‌లో (కార్బన్ ఎన్ఎంఆర్) ఇంకా తేట. అల్లైలిక్ కార్బన్ సిస్ 38.5 దగ్గర, ట్రాన్స్ 43 దగ్గర. వలయం వంతెన కార్బన్ 41 నుంచి 43 మధ్య మూడు గీతలుగా పడుతుంది: రెండు పక్కలా ట్రాన్స్ ఉంటే 41.4, ఒకటి సిస్ ఒకటి ట్రాన్స్ ఉంటే 42.1, రెండూ సిస్ అయితే 42.8. సిస్‌లు అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉన్నాయా, గుంపులుగా ఉన్నాయా అన్నది ఈ మూడింటి నిష్పత్తే చెప్తుంది.

సైక్లోఆక్టీన్ పాలిమర్‌కు ప్రోటాన్‌తో కుస్తీ పట్టకండి. కార్బన్ తీయించండి, 60 మి.గ్రా.ను 0.6 మి.లీ. డ్యూటరేటెడ్ క్లోరోఫాంలో, ఇన్వర్స్ గేటెడ్ డీకప్లింగ్‌తో. డబుల్ బాండ్ పక్కని సీహెచ్2 ట్రాన్స్‌కు 32.6, సిస్‌కు 27.2. మిగతా సీహెచ్2లు 29 నుంచి 30 మధ్యలోనే ఉంటాయి, అడ్డు రావు.

టాక్టిసిటీ అడుగుతున్నారన్నారు. పాలీసైక్లోఆక్టీన్‌కు టాక్టిసిటీ లేదు. పక్క గుంపులేవీ లేని సైక్లోఆక్టీన్ తెరుచుకుంటే గొలుసులో కైరల్ కార్బన్ ఒక్కటీ మిగలదు, ఉన్నది సిస్, ట్రాన్స్ తేడా మాత్రమే. అడిగినవాళ్లకు ఇదే రాసి ఇవ్వండి. నార్బోర్నీన్‌లో సైక్లోపెంటేన్ వలయం గొలుసులో మిగులుతుంది, దాని రెండు కార్బన్లు కైరల్, అందుకే అక్కడ టాక్టిసిటీ ఉంటుంది.

పైన చెప్పిన "కోసి అతికే" పని మీ ఫ్లాస్క్‌లో ఎంత జరిగిందో పట్టుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. 1,5-సైక్లోఆక్టాడైన్ వాడండి. ఒక్కో మోనోమర్‌లో రెండు సిస్ డబుల్ బాండ్లు. తెరుచుకునేది ఒకటే, రెండోది ముట్టకుండా అలాగే గొలుసులోకి వస్తుంది. కాబట్టి వలయాలు తెరుచుకోవడం మాత్రమే జరిగితే ట్రాన్స్ 50 శాతం దాటే వీలే లేదు. మీ పాలిమర్‌లో 65 వచ్చిందంటే క్యాటలిస్ట్ గొలుసులను కొరికిందని రుజువు. దీని నుంచే ఇంకో జాగ్రత్త: ఈ మోనోమర్‌తో 70 శాతం సిస్ వచ్చిందని క్యాటలిస్ట్ సిస్‌ను ఎంచుకుంటోందని రాయకండి. అందులో 50 మోనోమర్ పుట్టుకతో తెచ్చుకున్నది, కొత్తగా ఏర్పడిన బంధాల్లో సిస్ 40 శాతమే. అన్నట్టు, సైక్లోఆక్టాడైన్‌లో 4-వినైల్‌సైక్లోహెక్సీన్ మలినం ఉంటుంది, అది గొలుసులను మధ్యలోనే తెంచి అణుభారం పడగొడుతుంది. మరిగే ఉష్ణోగ్రతలో తేడా తక్కువ కాబట్టి మామూలు డిస్టిలేషన్‌తో పూర్తిగా పోదు. బోరేన్-టీహెచ్ఎఫ్‌తో ముందు ట్రీట్ చేసి, ఆ తర్వాత డిస్టిల్ చేస్తారు.

పాలీనార్బోర్నీన్ టాక్టిసిటీకి డబుల్ బాండ్లను ముందు హైడ్రోజనేట్ చేయాలి, అప్పుడు సిస్, ట్రాన్స్ గొడవ పోయి మీసో, రెసిమిక్ తేడా (పక్క పక్క యూనిట్లు ఒకే మొగమా, ఎదురు మొగమా అన్నది) ఒక్కటే మిగులుతుంది. పాలిమర్ 188 మి.గ్రా. (డబుల్ బాండ్లు 2 మిల్లీమోల్), పారాటోలుయిన్‌సల్ఫొనైల్ హైడ్రజైడ్ 1.86 గ్రా. అంటే 5 రెట్లు, ట్రైప్రొపైల్‌అమీన్ 1.9 మి.లీ., బీహెచ్‌టీ చిటికెడు, జైలీన్ 20 మి.లీ. 125 డిగ్రీల దగ్గర 5 గంటలు. నైట్రోజన్ వాయువు బాగా వస్తుంది, బబ్లర్ తెరిచే ఉంచండి. అమీన్ మానేస్తే విడుదలయ్యే సల్ఫినిక్ ఆమ్లం డబుల్ బాండ్ల మీద పడి చెడగొడుతుంది. మీ రెండో తరం గ్రబ్స్ శాంపిల్‌నూ ఇలాగే హైడ్రోజనేట్ చేసి పక్కన పెట్టుకోండి. అటాక్టిక్‌లో (క్రమం లేని దాంట్లో) రెండుగా చీలిన గీత కొత్త శాంపిల్‌లో ఒక్కటే అయితే టాక్టిక్ వచ్చినట్టు. అది ఐసోనా, సిండియోనా అన్నది దాంతో ఒక్కటే తేలదు. దానికి మెంథైల్ ఎస్టర్ లాంటి కైరల్ గుంపు ఉన్న మోనోమర్‌తో పాలిమర్ చేస్తారు. సిస్, సిండియోటాక్టిక్‌లో ఒక డబుల్ బాండ్ మీది రెండు హైడ్రోజన్లు సమానం. సిస్, ఐసోటాక్టిక్‌లో అవి వేరువేరు, ఒకదానితో ఒకటి కప్లింగ్ చూపిస్తాయి. 1990లలో ష్రాక్ బృందం వాడిన పద్ధతి ఇది.

ఇంత శ్రమ ఎందుకంటే, అమరికే గుణాన్ని మారుస్తుంది. సిండియోటాక్టిక్ పాలీడైసైక్లోపెంటడైన్‌ను హైడ్రోజనేట్ చేస్తే 270 డిగ్రీల చుట్టూ కరిగే స్ఫటిక ప్లాస్టిక్ అవుతుంది. అటాక్టిక్‌కు ఆ కరిగే బిందువే ఉండదు.

పాలమూరు_కార్బీన్

మేడం చెప్పినదానికి చిన్న జోడింపు. ప్రతిసారి హైదరాబాద్ పంపే బదులు ఎఫ్‌టీఐఆర్‌తో వడపోత చెయ్యొచ్చు. ట్రాన్స్ డబుల్ బాండ్ 966 దగ్గర గట్టిగ పడుతది, సిస్ 740 దగ్గర. 966 పీకు చిన్నగైతున్న శాంపిళ్లనే ఎన్ఎంఆర్‌కు పంపు. పాలీసైక్లోఆక్టీన్‌కు మాత్రం 720 దగ్గర సీహెచ్2 పీకు ఉంటది కాబట్టి సిస్ దిక్కు చూడొద్దు, 966నే చూడు.

పోల్చుకునేందుకు ట్రాన్స్ శాంపిల్ కావాలంటే ఖరీదైన క్యాటలిస్ట్ అక్కర్లే. రుథీనియం ట్రైక్లోరైడ్ హైడ్రేట్ 13 మి.గ్రా., నార్బోర్నీన్ 471 మి.గ్రా., క్లోరోబెంజీన్ 10 మి.లీ., ఇథనాల్ 10 మి.లీ., 60 డిగ్రీలు, ఒక రోజు. మొదట్ల చాలాసేపు ఏం కానట్టే ఉంటది, ఖంగారు పడొద్దు. ట్రాన్స్ 90 చుట్టూ వస్తది. 1970ల నుంచి నార్సోరెక్స్ పేరుతో అమ్మిన పాలీనార్బోర్నీన్ రబ్బరు గూడ రుథీనియం ట్రైక్లోరైడ్‌తోనే, ఆల్కహాల్‌లో చేసిందే.

నల్లగొండ_ష్లెంక్

రుథీనియం ట్రైక్లోరైడ్ ఇక్కడనే ఉన్నది, ట్రాన్స్ శాంపిల్ ముందుగాల చేస్త. ఆఖరుకు ఒక్కటి: జెడ్-సెలెక్టివ్ క్యాటలిస్ట్‌ను టీహెచ్ఎఫ్‌లో స్టాక్ ద్రావణం చేసి ఫ్రిజ్‌ల పెట్టుకుంటే వారం నడుస్తదా? ప్రతిసారి తూచేది తప్పుతది.

పాలమూరు_కార్బీన్

నడవదు. సెప్టం సూదిపోట్లకు కారుతది, ఆ జర గాలికే ద్రావణం రంగు మారుతది. ఏ రోజుది ఆ రోజే తూచు. ఒక్కసారి ఆర్గాన్ కింద కూసొని పది చిన్న సీసాలల్ల 0.05 మిల్లీమోల్ చొప్పున పొడినే పంచి, మూతల మీద టేపు చుట్టి, డెసికేటర్‌ల పెట్టి ఫ్రిజ్‌ల ఉంచు. తీసినంక సీసా గది వేడికి వచ్చేదాక మూత తియ్యకు, లేకుంటే లోపల చెమ్మ పడుతది.